బడిపంతులు, ప్రకృతి పరిశీలకుడు: జాఁ ఆన్రీ ఫాబ్ర్ జీవితం గురించి కొన్ని ప్రశ్నలు

ప్రశ్న: జీవశాస్త్రం టీచరు

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఫ్రాన్సు దేశపు కీటక పరిశీలకుడు జాఁ ఆన్రీ ఫాబ్ర్ (1823–1915) జీవితాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పాఠంగా చెప్పాలని సిద్ధమవుతున్నాను. ఆయన గురించి దొరికే చిన్న వ్యాసాలన్నీ దాదాపు ఒకే చిత్రాన్ని చూపిస్తాయి. వెడల్పాటి అంచుల నల్ల టోపీ పెట్టుకున్న ఒక వృద్ధుడు సెరిన్యాఁ గ్రామంలో, తన రాళ్ల నేలలో పురుగుల ముందు కూర్చుని ఉంటాడు. అయితే ఆ నేలను కొనేనాటికి ఆయన వయసు యాభై అయిదు దాటింది. అంతకు ముందు దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు ఆయన జీతం మీద ఆధారపడిన ఉపాధ్యాయుడు. ఆ సంవత్సరాలలో ఆయన ఏం చేశారు? పాఠాలు, పరీక్షలు, సంసారం మోస్తూ పరిశీలనకు సమయం ఎలా దొరికింది? నేను ముఖ్యంగా తెలుసుకోవాలనుకుంటున్నది ఇదే.

రెండో ప్రశ్న పిల్లల నుంచి వచ్చింది. మా బడి వరండా దూలానికి కందిరీగ మట్టిగూడు కట్టింది. కందిరీగ ఒక పురుగును తెచ్చి గూటిలో పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తే ఆ పురుగు కూడా కందిరీగ అయిపోతుందని తన నాయనమ్మ చెప్పిందని ఒక అమ్మాయి అన్నది. మనమంతా విన్న భ్రమరకీట న్యాయమే అది. ఫాబ్ర్ ఇలాంటి కందిరీగల మీద చాలా పని చేశారని విన్నాను. ఆయన సరిగ్గా ఏం కనుగొన్నారో, పిల్లలకు అర్థమయ్యే క్రమంలో ఎవరైనా వివరించగలరా?

మూడోది, ఫాబ్ర్ పరిణామ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు కాబట్టి ఆయనను శాస్త్రజ్ఞుడిగా పిల్లల ముందు నిలబెట్టడం తగదని మా సహోపాధ్యాయులలో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు.

సమాధానం: పాత పుస్తకాల పాఠకుడు

టీచర్ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఫాబ్ర్‌కు శాస్త్రలోకంలో పేరు తెచ్చిన పరిశోధనలలో కీలకమైనవి ఆయన బడి ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే జరిగాయి. సెరిన్యాఁ నేల ఆయనకు దొరికింది పని మొదలుపెట్టడానికి కాదు, అప్పటికే చాలాదూరం వచ్చిన పనిని నిశ్చింతగా కొనసాగించడానికి.

ఆయన దక్షిణ ఫ్రాన్సులోని సేన్-లేయోఁ అనే కొండపల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టారు. తండ్రి పల్లె విడిచి పట్నాలలో కాఫీ దుకాణాలు పెట్టి, ఎక్కడా నిలదొక్కుకోలేక ఊళ్లు మారుతూ పోయాడు. కుర్రవాడిగా ఫాబ్ర్ సంతలో నిమ్మకాయలు అమ్మారు, రైలుమార్గం పనిలో కూలి చేశారు. అవిన్యోఁ నగరంలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు పోటీ పరీక్ష రాసి, ఉపకార వేతనంతో చేరి, 1842లో కార్పంత్రా అనే ఊరిలో బడిపంతులయ్యారు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు.

ఆ బడిలో జరిగిన ఒక సంగతిని మీ పాఠంలో తప్పకుండా చేర్చమని కోరుతున్నాను. క్షేత్రగణితాన్ని గదిలో కూర్చోబెట్టి చెప్పడం ఇష్టంలేక, ఆయన పిల్లలను ఊరి బయటి బీడు భూములకు తీసుకువెళ్లి నేల కొలవడం నేర్పేవారు. గొలుసు, మేకులు, మట్టపుబద్ద, దిక్సూచి వంటి పనిముట్లను ఆ చిన్న జీతంలోంచే సొంతంగా కొన్నారు. ఒకసారి గుర్తుకొయ్య పాతమని పంపిన కుర్రవాడు దారిలో ఆగి, వంగి, ఏదో వెతకడం మొదలుపెట్టాడు. మరొకడూ అంతే. చూస్తే, అక్కడి రాళ్లకు ఒక నల్లని పెద్ద తేనెటీగ మట్టితో గూళ్లు కట్టింది, పిల్లలు ఆ గూళ్లను తెరిచి గడ్డిపరకతో తేనె జుర్రుతున్నారు. పంతులుగారు కోప్పడకుండా తానూ వంగి చూశారు. ఆ ఈగ ఏమిటో తెలుసుకోవాలన్న కోరికతో పుస్తకాల అంగడికి వెళ్లి, ఒక నెల జీతం ధర పలికే కీటకశాస్త్ర గ్రంథాన్ని కొన్నారు. ఆ పుటలు తిరగేస్తుంటే ‘నువ్వూ వీళ్ల సరసన చేరతావు’ అని లోపలినుంచి ఒక గొంతు చెప్పినట్టనిపించిందని ఆయనే తరువాత రాసుకున్నారు. అందుకే ఆయన జీవితాన్ని ‘ఉద్యోగం అడ్డుపడినా సాధించిన వ్యక్తి’ కథగా చెప్పడం నాకు సరిగా తోచదు. ఆయనకు మొదటి ఈగను చూపించింది ఆయన విద్యార్థులే.

పెద్ద చదువులన్నీ ఆయన ఉద్యోగం చేస్తూ ఒంటరిగా చదివి సంపాదించినవే. గణితం, భౌతికశాస్త్రాలలో పట్టాలు అలాగే వచ్చాయి. 1849లో కోర్సికా ద్వీపంలోని అజాక్సియోకు భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా వెళ్లారు. అక్కడికి వృక్షజాతుల సేకరణకు వచ్చిన మొకాఁ తాఁదోఁ అనే ఆచార్యుడు, ఒక పళ్లెంలో నీళ్లు పోసి, అందులో నత్తను ఉంచి, కుట్టుపని కత్తెరతో కోసి దాని అవయవ నిర్మాణమంతా చూపించారు. తాను జీవితంలో మరొకరి దగ్గర నేర్చుకున్న ప్రకృతిశాస్త్ర పాఠం అదొక్కటేనని ఫాబ్ర్ చెప్పుకున్నారు.

1853 నుంచి అవిన్యోఁలోని ప్రభుత్వ ఉన్నత విద్యాలయంలో ఉన్నారు. 1600 ఫ్రాంకుల జీతం, పెరుగుతున్న సంసారం, చాలక ఇంటిపాఠాలు, దాదాపు పద్దెనిమిదేళ్లపాటు పదోన్నతి లేదు. విశ్వవిద్యాలయ పదవిని కోరుకున్నప్పుడు, సొంత ఆస్తి లేనివాడు ఆ హోదాను నిలబెట్టుకోలేడని ఒక తనిఖీ అధికారి ఆయనకు మంచిమాటగానే చెప్పాడు. మీరు అడిగిన ‘సమయం’ ఎక్కడిదంటే, అక్కడి విద్యాలయాలకు సెలవుదినమైన గురువారం, వేసవి సెలవులు, ఇవే ఆయన సమయం. పేడపురుగు ఉండను దొర్లించడాన్ని చూడటానికి లెజాంగ్ల్ గ్రామం దగ్గరి ఇసుక మిట్టకు ఆయన ఒక్కడే పోలేదు, అయిదారుగురు కుర్రవాళ్లతో కలిసి వెళ్లేవారు. వాళ్లకు తాను గురువే అయినా అంతకుమించి స్నేహితుడినని రాశారు.

ఒంటరిగా చూసిన రోజులూ ఉన్నాయి. ఒకనాడు తెల్లవారుజామున ద్రాక్షపళ్లు కోయడానికి వెళుతున్న ముగ్గురు స్త్రీలు, ఆయన ఒక రాయి మీద కూర్చుని నేలకేసి చూస్తూ ఉండటం గమనించారు. సాయంత్రం గంపలతో తిరిగి వచ్చేసరికి ఆయన అదే రాయి మీద, అదే నేలను చూస్తూ ఉన్నారు. పాపం మతిలేని మనిషి అని జాలిపడి, శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన అక్కడ ఒక వేట కందిరీగ కోసం కాచుకుని ఉన్నారు.

అవిన్యోఁలోనే ఆయన పేదరికం నుంచి బయటపడటానికి ఒక ప్రయత్నం చేశారు. మంజిష్ఠ జాతి వేరు నుంచి శుద్ధమైన ఎర్రరంగు తీసే పద్ధతి కనిపెట్టారు. కానీ ఆ రంగుకు మూలమైన అలిజరిన్‌ను జర్మను రసాయనవేత్తలు 1868లో కృత్రిమంగా తయారుచేయడంతో ఆ ఆశ కూలిపోయింది. మన మచిలీపట్నం అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరులో ఉండేదీ ఈ అలిజరినే కాబట్టి, ఈ భాగం మన పిల్లలకు మరింత దగ్గరగా ఉంటుంది.

ఉద్యోగం ఎలా ముగిసిందో చెప్పి ఆపుతాను. విద్యామంత్రి విక్తోర్ ద్యురుయ్ ఆడపిల్లల కోసం పై తరగతుల పాఠాలు ప్రారంభించినప్పుడు, ఫాబ్ర్ అవిన్యోఁలో ప్రకృతిశాస్త్రం చెప్పారు. పువ్వులలో ఫలదీకరణ ఎలా జరుగుతుందో బాలికల ఎదుట వివరించాడని మతపెద్దలు, ఛాందసులు గగ్గోలు పెట్టారు. ద్యురుయ్ పదవి పోయాక ఫాబ్ర్‌కు అండ లేకుండా పోయింది. ఆయన అద్దెకుంటున్న ఇంటి యజమానురాళ్లు నెలరోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. అప్పట్లో అవిన్యోఁలో నివసిస్తున్న ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3000 ఫ్రాంకులు అప్పు ఇస్తే, ఆ డబ్బుతో కుటుంబాన్ని ఒరాఁజ్ పట్టణానికి తరలించారు. అప్పు తరువాత తీర్చేశారు. అక్కడినుంచి ఆయన బడి వదిలారు గాని బోధన వదలలేదు. రసాయనం, భౌతికం, వ్యవసాయం, ఖగోళం, ఇలా అన్నిటి మీదా పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాసి ఆ రాబడితోనే బతికారు, 1879లో సెరిన్యాఁ నేలను కూడా ఆ సంపాదనతోనే సమకూర్చుకున్నారు. పది సంపుటాల కీటక స్మృతుల మొదటి సంపుటం వచ్చింది కూడా ఆ ఏడాదే. చివరిది 1907లో వచ్చింది.

నన్నడిగితే, పువ్వు ఫలదీకరణను ఆడపిల్లలకు చెప్పినందుకు ఒక పంతులు ఊరు విడిచిపోవలసి వచ్చిందన్న సంగతిని దాటవేయకండి. మీ తరగతిలోని ఆడపిల్లలు అదే పాఠాన్ని ఈనాడు పరీక్షకు చదువుతున్నారు.

సమాధానం: కీటకశాస్త్ర విద్యార్థిని

భ్రమరకీట న్యాయం గురించి నేను రాస్తాను. ఆ న్యాయాన్ని వేదాంతులు ధ్యానానికి ఉపమానంగా వాడారు, ఆ వాడుకతో మనకు ఇప్పుడు పేచీ లేదు. పిల్లలు తెలుసుకోవలసినది దాని వెనుక ఉన్న పరిశీలన. పురుగు లోపలికి వెళ్లడాన్ని పెద్దలు చూశారు, గూడు మూసుకోవడాన్ని చూశారు, కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడాన్ని చూశారు. ఈ మూడూ నిజాలే. మూసిన గూటిలో ఏం జరిగిందన్నది మాత్రం ఊహ. గూటిలో కందిరీగ ఒక గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చిన డింభకం ఆ పురుగును తిని పెరిగి, అక్కడే ప్యూపాగా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశగా) మారి, రెక్కలతో బయటపడుతుంది. పురుగు కందిరీగ కాలేదు, కందిరీగ పిల్లకు ఆహారమైంది.

ఇంతవరకు ఫాబ్ర్‌కు ముందే తెలుసు. ఆయన ఎదుర్కొన్న చిక్కు వేరు. గూటిలో పెట్టిన పురుగు ఎండకాలంలో కూడా రోజుల తరబడి ఎందుకు కుళ్లదు? లెయోఁ ద్యుఫూర్ అనే వైద్యుడు ఒక జాతి సెర్సెరిస్ కందిరీగ గూళ్లను తవ్వి, అందులోని పెంకుపురుగులు చచ్చి ఉన్నా తాజాగా ఉన్నాయని గమనించి, కందిరీగ విషంలో మాంసాన్ని చెడకుండా ఉంచే గుణం ఉందని నిర్ణయించారు. ఒక శీతాకాలపు రాత్రి ఈ వ్యాసం చదివిన ఫాబ్ర్, ముక్కుపురుగులను వేటాడే మరో సెర్సెరిస్ జాతిని కార్పంత్రా పరిసరాలలో పరిశీలించి, ఆ పురుగులు చావనే లేదని చూపించారు. వాటి పేగులు మెత్తగా, తేమగా ఉన్నాయి, విద్యుత్తు తగిలిస్తే కాళ్లు కదిలాయి. అవి బతికే ఉన్నాయి, కదలిక మాత్రమే పోయింది.

కందిరీగ ఎక్కడ కుడుతోందో చూడటానికి, అది తెచ్చిన వేటను తీసివేసి బతికిన ముక్కుపురుగును దాని ముందు ఉంచారు. కొండి ముక్కుపురుగు ఉరభాగం కీలు దగ్గర, సన్నని పొర ఉన్న చోట దిగింది. సరిగ్గా ఆ లోపలే కాళ్లను కదిలించే నాడీ సంధులు, అంటే నాడీకణాల ముడులు, ఉంటాయి. ముక్కుపురుగులో అవి దగ్గరదగ్గరగా చేరి ఉండటం వల్ల ఒక్క పోటు చాలింది. ఇక్కడ ఆయన ఆగకపోవడమే నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంటుంది. తన వివరణ నిజమైతే కందిరీగ లేకుండానే అదే ఫలితం రావాలి కదా అని, ఉక్కు కలం పాళీని అమోనియాలో ముంచి పెంకుపురుగుల అదే కీలు దగ్గర గుచ్చారు. నాడీ సంధులు దగ్గరగా ఉన్న జాతులు వెంటనే చచ్చుబడి, చావకుండా చాలా రోజులు నిలిచాయి. సంధులు దూరదూరంగా ఉన్న జాతులు కాసేపు గింజుకుని మళ్లీ మామూలుగా నడిచాయి. కలం పాళీ, అమోనియా, పెంకుపురుగులు. 1855లో అచ్చయిన ఈ పనికి మరుసటి ఏడాది ఫ్రెంచ్ విజ్ఞాన అకాడమీ పురస్కారం ఇచ్చింది. చేసింది పాఠాలు చెప్పుకునే మనిషి.

మీ వరండాలోని గూడు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలు ఒకే రకం కావు. సన్నని నడుముతో, గొట్టాల వంటి గదులను పక్కపక్కన కట్టి పైన మట్టి మెత్తే స్కెలిఫ్రాన్ జాతివి సాలీళ్లను తెస్తాయి. చిన్న కుండలాంటి గూడు కట్టే యూమినీస్ బంధువర్గం గొంగళిపురుగులను తెస్తుంది. కాబట్టి నాయనమ్మ చెప్పిన కథకు సరిపోయేది రెండోదే. ఫాబ్ర్ ఈ యూమినీస్ కుండను విప్పి చూసినప్పుడు, అందులోని గొంగళిపురుగులు పూర్తిగా చచ్చుబడలేదనీ, ముట్టుకుంటే మెలికలు తిరుగుతున్నాయనీ గమనించారు. మరి ఆ గుంపులో సున్నితమైన గుడ్డు నలగకుండా ఎలా ఉంది? గుడ్డు కుండ పైకప్పు నుంచి సన్నని దారానికి వేలాడుతూ ఉంది. డింభకం మొదట్లో ఆ దారం ఆధారంగానే తలకిందులుగా వేలాడి తింటుంది, కింద కదలిక ఎక్కువైతే పైకి తప్పుకుంటుంది. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, పిల్లలు మళ్లీ ఏ మట్టిగూటినీ చూడకుండా దాటిపోరు.

మరొకటి. ఈ పరిశోధన ఫాబ్ర్‌తో పూర్తికాలేదు. భారతదేశంలోనూ ఉన్న ఆకుపచ్చని మెరుపు కందిరీగ ఒకటి, ఆంపులెక్స్ అనే పేరు గలది, బొద్దింకను మొదట ఉరభాగంలో, తరువాత తలలోని నాడీ సంధులలో కుడుతుంది. ఆ తరువాత బొద్దింక నడవగలదు, కానీ తనంతట తాను నడక మొదలుపెట్టదు. కందిరీగ దాని మీసం పట్టుకుని గూటికి నడిపించుకుపోతుంది. ఆ విషం మెదడులో ఏం మారుస్తుందన్నది ఈనాటి నాడీశాస్త్ర ప్రయోగశాలల్లో పరిశోధన విషయం.

ప్రశ్నించినవారి స్పందన: జీవశాస్త్రం టీచరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా వరండాలోని గూడు గొట్టాల రకమే. అందువల్ల అందులో గొంగళిపురుగు కాక సాలీళ్లు ఉండాలని ఇప్పుడు ఊహించవచ్చు, ఆ ఊహను పిల్లలతోనే పరీక్షింపజేస్తాను. మూడో ప్రశ్న మాత్రం ఇంకా మిగిలి ఉంది. అంత నిశితంగా చూసిన మనిషి పరిణామాన్ని ఎందుకు తిరస్కరించారు? దాన్ని పిల్లలకు దాచకుండా ఎలా చెప్పాలి?

సమాధానం: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మీ సహోపాధ్యాయుని అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. దానికి సమాధానం ఫాబ్ర్‌ను వెనకేసుకురావడంలో లేదు, ఆయన పొరబడిన చోటును స్పష్టంగా చూపించడంలో ఉంది.

ఆయన వాదం ఇది. వేట కందిరీగ సరిగ్గా నాడీ సంధిలో కుట్టకపోతే వేట చచ్చి కుళ్లుతుంది, లేదా తప్పించుకుని గుడ్డును నలిపేస్తుంది. రెండు సందర్భాలలోనూ సంతానం బతకదు. కాబట్టి ఈ నైపుణ్యం కొద్దికొద్దిగా మెరుగుపడుతూ వచ్చే అవకాశమే లేదు, మొదటినుంచే పరిపూర్ణంగా ఉండాలి. తప్పు అన్న తీర్పు ముందు, ఈ వాదానికి బలం ఉందని పిల్లలు గ్రహించాలి. డార్విన్ గ్రహించారు. జాతుల ఉత్పత్తిపై తన గ్రంథపు తరువాతి ముద్రణలో ఆయన ఫాబ్ర్‌ను సాటిలేని పరిశీలకుడని పేర్కొన్నారు, 1880లో ఉత్తరం రాసి, తేనెటీగలను గూటికి దూరంగా తీసుకుపోయేటప్పుడు మొదట వ్యతిరేక దిశలో నడిచి, పెట్టెను గిరగిర తిప్పితే అవి దారి తప్పుతాయేమో చూడమని సూచించారు. ఫాబ్ర్ ఆ ప్రయోగం చేశారు. తిప్పిన ఈగలలోనూ దాదాపు మూడోవంతు ఇల్లు చేరాయి. సిద్ధాంతంలో ఎదురెదురుగా ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి ప్రశ్నను మరొకరు ఇంత గౌరవంగా చూసుకున్న ఉదాహరణలు విజ్ఞాన చరిత్రలో ఎక్కువగా దొరకవు.

వాదం ఎక్కడ విరుగుతుందంటే, ‘పరిపూర్ణంగా’ అన్న దగ్గర. అమెరికాలో జార్జ్ పెకమ్, ఎలిజబెత్ పెకమ్ అనే దంపతులు ఉండేవారు. జార్జ్ మిల్‌వాకీ నగరంలోని ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు. వాళ్లిద్దరూ ఒంటరి కందిరీగల మీద తమ పరిశీలనలను 1898లో ప్రచురించారు. గొంగళిపురుగును వేటాడే అమ్మోఫిలా కందిరీగ ప్రతిసారీ ఒకే విధంగా కుట్టదనీ, ఒక్కొక్కటి ఒక్కో చోట, ఒక్కో సంఖ్యలో కుడుతుందనీ, గూటిలో కొన్ని గొంగళిపురుగులు చచ్చిపోతాయనీ, చచ్చినదాన్ని తినికూడా డింభకం పెరగగలదనీ వాళ్లు చూశారు. వ్యక్తికీ వ్యక్తికీ తేడా ఉన్న చోట ఎంపికకు అవకాశం ఉంది, పరిణామానికి కావలసింది అదే. ఒక అమ్మోఫిలా గూడు మూసి, చిన్న రాయిని దవడలతో పట్టుకుని దానితో మట్టిని దిమ్మిస కొట్టడాన్ని కూడా వాళ్లు నమోదు చేశారు.

ఇంతకంటే ముఖ్యంగా నాకు తోచేది, ఈ తేడాలకు ఆధారాలు ఫాబ్ర్ సొంత పుటలలోనే ఉన్నాయి. కీచురాళ్లను వేటాడే స్ఫెక్స్ కందిరీగ, తెచ్చిన కీచురాయిని కన్నం అంచున ఉంచి, లోపలికి వెళ్లి చూసుకుని వచ్చి, తరువాత దాన్ని లోపలికి లాగుతుంది. అది లోపల ఉన్నప్పుడు ఫాబ్ర్ కీచురాయిని కొంచెం దూరం జరిపేవారు. కందిరీగ దాన్ని మళ్లీ అంచుకు తెచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి చూసుకునేది. నలభైసార్లు జరిపినా అదే తంతు. సహజాతం (పుట్టుకతో వచ్చే ప్రవర్తన) బుద్ధిలేని యంత్రం వంటిదని చెప్పడానికి నేటికీ ఈ ప్రయోగాన్నే ఉదాహరిస్తారు. కానీ మరో చోటి స్ఫెక్స్ గుంపుతో అదే ప్రయోగం చేసినప్పుడు, రెండు మూడుసార్ల తరువాత కందిరీగ కీచురాయిని నేరుగా లోపలికి లాక్కుపోయిందని కూడా ఫాబ్ర్ రాశారు. అలాగే, బెంబెక్స్ అనే ఇసుక కందిరీగ ఈగలను చంపి, డింభకానికి ఏ రోజు ఆహారం ఆ రోజు తెచ్చి పెడుతుందని ఆయనే కనుగొన్నారు. చచ్చుబడిన వేటను ఒకేసారి నిల్వచేసే పద్ధతికి ముందు మెట్టు ఎలా ఉండి ఉండవచ్చో ఊహించడానికి ఆ పరిశీలన పనికివస్తుంది. తన సిద్ధాంతానికి గిట్టని సంగతిని కూడా చూసింది చూసినట్టు రాసి పెట్టిన మనిషిని పిల్లల ముందు నిలబెట్టడానికి నేను వెనుకాడను.

ప్రయోగం నుంచి అవసరమైనదానికంటే పెద్ద నిర్ణయం తీసిన సందర్భమూ ఉంది. చెట్ల మీద గట్టిగా పాడే కీటకాలైన సికాడాలకు వినికిడి ఉందో లేదో తెలుసుకోవడానికి, ఊరి ఉత్సవాలలో పేల్చే రెండు ఫిరంగులను తెచ్చి అవి పాడుతున్న చెట్ల కింద పేల్పించారు. పాట ఆగలేదు. అవి చెవిటివని ఆయన భావించారు. సికాడాలకు కర్ణభేరులు ఉన్నాయనీ, తమ జాతి పాట ఉండే పౌనఃపున్యాలకు అవి బాగా స్పందిస్తాయనీ తరువాత తెలిసింది. ఫిరంగి మోత మనకు పెద్దది, ఆ పురుగుకు సంబంధించినది కాదు. మీ తరగతిలో ఈ ప్రయోగాన్ని ముందు చెప్పి, నిర్ణయాన్ని చెప్పకుండా ఆపి, దీన్నిబట్టి ఏం అనవచ్చు, ఏం అనకూడదు అని అడగండి. ఒక పిరియడ్ మొత్తం దానికే ఇచ్చినా తక్కువే.

మరో బడిపంతులు పేరు కూడా ఈ వరుసలో చేర్చాలి. చార్లెస్ హెన్రీ టర్నర్ (1867–1923) నల్లజాతి అమెరికన్. షికాగో విశ్వవిద్యాలయంలో 1907లో డాక్టరేటు పొందినా, జాతివివక్ష ఉన్న ఆ కాలంలో సెయింట్ లూయిస్ నగరంలోని సమ్నర్ ఉన్నత పాఠశాలలో 1908 నుంచి 1922 వరకు పాఠాలు చెప్పారు. పరిశోధనకు విశ్వవిద్యాలయ ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. ఊరి ఉద్యానవనంలో రంగు బిళ్లలు అమర్చి తేనెటీగలు రంగులను గుర్తుపడతాయని 1910లో చూపించారు. నేలలో కన్నం తవ్వుకునే ఒక ఈగ ఇంటి దగ్గర పడి ఉన్న సీసా మూతను పక్కకు జరిపి, దాని పక్కన మరో కన్నం చేస్తే, ఈగ మూత ఉన్న చోటికే వచ్చింది. పరిసరాల గుర్తులను అది జ్ఞాపకం పెట్టుకుంటోందన్నమాట. కీటకం ఒట్టి యంత్రం కాదు, నేర్చుకోగలదు అన్న వైపుకు ఆయన పని మొత్తం మొగ్గింది. ఫాబ్ర్ ఆపిన చోటునుంచి ముందుకు నడిచింది ప్రధానంగా ఇలాంటి వారేనని, అందులో బడి గదులనుంచి వచ్చినవారు ఉన్నారని చెబితే, మీ సహోపాధ్యాయుని అభ్యంతరానికీ పాఠంలోనే చోటు దొరుకుతుంది.

సమాధానం: కీటకశాస్త్ర విద్యార్థిని

ప్రధానోపాధ్యాయులవారు టర్నర్‌ను ప్రస్తావించినందుకు సంతోషం. గూడు పరీక్ష గురించి రెండు మాటలు చెప్పాలి. గొట్టాల గూటికి గుండ్రని కన్నాలు ఉంటే కందిరీగలు బయటికి వెళ్లిపోయినట్టే, దాన్ని విప్పితే ఖాళీ ప్యూపా పొరలు, సాలీళ్ల కాళ్ల ముక్కలు దొరుకుతాయి. మూసి ఉన్న గూళ్లలో ఒక్క గదిని మాత్రం తెరిచి, మిగిలినవాటిని గాజుసీసాలో గుడ్డ కట్టి ఉంచండి, ఏం బయటికి వస్తుందో పిల్లలే తేదీ వేసి రాసుకుంటారు. ఒంటరి కందిరీగలు చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా కుట్టవు. అయితే గుంపుగా ఉండే కందిరీగల తెట్టెల దగ్గరికి, తేనెపట్ల దగ్గరికి పిల్లలను పోనివ్వకండి. ఆ తేడాను ముందే చూపించి బయటికి తీసుకువెళ్లాలి.

చదవడానికైతే, ఫాబ్ర్ రచనలకు అలెగ్జాండర్ టెక్సీరా ద మాటోస్ చేసిన ఆంగ్లానువాదాలు కాపీహక్కుల గడువు తీరి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ముందుగా వేట కందిరీగల సంపుటంలోని సెర్సెరిస్ అధ్యాయాలు, తరువాత మట్టి తేనెటీగల సంపుటంలోని మొదటి అధ్యాయం చదవండి. నేల కొలిచే పాఠం, గడ్డిపరకలతో తేనె జుర్రిన పిల్లలు ఆ రెండోదానిలో ఉన్నారు.